గడ్డపార పట్టిన గురువులు

మద్రాసు గిండీ పాముల పార్కు గురించి చెప్పేవాళ్ళందరూ రోములస్ విటేకర్ పేరుతో మొదలుపెడతారు. అందులో తప్పు లేదు. 1943లో న్యూయార్కులో పుట్టి, చిన్నప్పుడే ఇండియా వచ్చి, కుర్రవయసులో ఫ్లోరిడా వెళ్ళి బిల్ హాస్ట్ అనే ఆయన దగ్గర పాము విషం తీసే పని నేర్చుకుని, తిరిగొచ్చి 1969లో సేలయ్యూరులో చిన్న పార్కు పెట్టింది ఆయనే. 1972లో అది గిండీకి మారింది. సూళ్ళూరుపేట హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతూ, పిల్లల్ని లోకల్ రైలెక్కించి అక్కడికి తీసుకెళ్ళే నేను మాత్రం ఈ కథని చెంగల్పట్టు వైపు పొలాల్లో పాములు పడుతూ తిరిగే ఇరుళర్ తెగవాళ్ళ దగ్గర మొదలుపెడతాను. వాళ్ళు లేకపోతే ఆ పార్కు నాలుగు గాజుపెట్టెల ప్రదర్శనగానే మిగిలిపోయేదని నా నమ్మకం.

ఇరుళర్ల చేతిలో ఉండే పనిముట్టు ఒక్క గడ్డపారే. గట్టు మీద కన్నం కనిపిస్తే అందులో ఎలుక ఉందో, ఎలుకను మింగి పడుకున్న పాముందో మట్టి చూసి చెబుతారు. వదిలేసిన కుబుసం, అంచు మీద నునుపు, రెట్ట, ఇవన్నీ వాళ్ళకి అక్షరాలే. ఎలుక కలుగు తవ్వితే లోపల దాచిన ధాన్యం కూడా దక్కుతుంది.

ఇంత విద్యకీ అప్పట్లో గిరాకీ ఒక్కచోటే ఉండేది. పట్టిన పామును చంపి తోలు అమ్మడం. ఆ తోళ్ళు మద్రాసు టానరీల్లో పదునై, ఓడలెక్కి, విదేశాల్లో చెప్పులూ హ్యాండ్‌బ్యాగులూ అయ్యేవి. లాభమంతా మధ్యవాళ్ళది. ప్రాణాపాయం, చిల్లర డబ్బులు పట్టేవాడివి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1976లో పాము తోళ్ళ ఎగుమతిని నిషేధించారు. పాములకి అది మంచిదే. ఇరుళర్ల ఇంట్లో మాత్రం పొయ్యి ఆరింది. తరాలుగా చేసిన పని తెల్లారేసరికి నేరమైపోతే ఆ మనిషి ఎక్కడికి పోవాలి? చట్టం రాసినవాళ్ళు ఆ సంగతి ఆలోచించలేదు.

విటేకరూ, ఆయనతో పనిచేసినవాళ్ళూ ఆలోచించారు. 1978లో ఇరుళర్ల పాములు పట్టేవాళ్ళ సహకార సంఘం రిజిస్టరయింది. పామును చంపక్కర్లేదు, విషం తీసి వదిలేస్తే చాలు. పాముకాటు మందుకి ఆ విషమే ముడిసరుకు.

ఆ పని ఎలా చేస్తారో వడనెమ్మేలి మొసళ్ళ బ్యాంకు ఆవరణలో కళ్ళారా చూడొచ్చు. చుట్టూ జనం నిలబడి చూసే గుంట. లోపల వరసగా మట్టికుండలు, వాటిలో కొంచెం ఇసుక, మూతికి గాలాడే గుడ్డ. సంఘం మనిషి మూత విప్పి, కొక్కెంతో తాచును బయటికి తీసి, తల ఒడుపుగా పట్టుకుని, పల్చటి పొర బిగించిన గాజు పాత్ర అంచుకి దాని నోరు ఆనిస్తాడు. కోరలు పొరలో దిగుతాయి. లేత పసుపు చుక్కలు గాజు మీద జారుతాయి. అంతే, పామును మళ్ళీ కుండలో వేస్తారు. సుమారు మూడు వారాల్లో నాలుగుసార్లు తీశాక, పొట్ట కింది పొలుసులు కొన్ని కత్తిరించి వదిలేస్తారు. ఆ గుర్తుంటే అదే పామును వెంటనే మళ్ళీ పట్టరు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర: పట్టేది ఈ నాలుగే. అదీ అటవీశాఖ ఇన్నని ఇచ్చిన లెక్కకి లోబడి. ఎండబెట్టి పొడి చేసిన విషం మందు కంపెనీలకి వెళ్తుంది. అక్కడ గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి విరుగుడు తయారుచేస్తారు. మన జిల్లా ఆసుపత్రిలో పాము కరిచిన రైతుకి పెట్టే సెలైన్ బాటిల్లో కలిపే మందు ఇదే.

ఆ మొసళ్ళ బ్యాంకును 1976లో విటేకర్, ఆయన అప్పటి భార్య జై కలిసి పెట్టారు. అప్పటికి మంచినీటి మొసలి, ఉప్పునీటి మొసలి, ఘరియల్ మూడూ అంతరించే దశలో ఉన్నాయి. పిల్లల్ని పెంచి రాష్ట్రాలకి ఇచ్చి నదుల్లో వదిలించాలన్నది ఆలోచన. అది ఎంత బాగా పనిచేసిందంటే, కొన్నేళ్ళకి వదలడానికి చోటే లేకుండా పోయింది. కొలనుల్లో మొసళ్ళు కిక్కిరిసిపోయాయి. అప్పుడిక గుడ్లు పిల్లలు కాకుండా ఆపాల్సి వచ్చింది. జంతువుల్ని కాపాడే కేంద్రం పెట్టాలనుకునేవాళ్ళు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి. తెచ్చుకోవడం సులువు, పంపించడమే కష్టం.

ఇరుళర్ల విద్యని లోకం ఒప్పుకోడానికి చాలా కాలం పట్టింది. 2017లో ఫ్లోరిడా చిత్తడినేలల్లో పాతుకుపోయిన బర్మా కొండచిలువల్ని పట్టడానికి మాసి సదయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరిని పిలిపించారు. రెండు వారాల్లోపే 13 దొరికాయి. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు.

ఇక మన తెలుగునాట, హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు ఇళ్ళలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదులుతున్నారు. వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. కానీ మా నెల్లూరు వైపు యానాదులనే తెగవాళ్ళున్నారు. ఎలుకా పామూ చేపా, ఏది ఎక్కడుంటుందో వాళ్ళని మించి తెలిసినవాళ్ళు లేరు. వాళ్ళకి ఇలాంటి సంఘం ఎందుకు ఉండకూడదని చాలాకాలంగా అడుగుతూనే ఉన్నాను.

కిందటిసారి నా వెంట వడనెమ్మేలికి వచ్చిన యానాది కాలనీ కుర్రాడు విషం తీయడం చూసి ఊరుకోలేదు. ప్రదర్శన అయ్యాక సంఘం మనిషిని ఆపి, కట్లపాము పగలు ఏ కన్నంలో ఉంటుందో నాచేత అరవంలో అడిగించాడు. ఆయన చెప్పింది విని, "మా నాన్న అట్టా చెప్పలేదు సార్, చేను గట్టు వేరు, ఇసకనేల వేరు" అన్నాడు. ఆయన కింద కూర్చుని, పుల్లతో నేలమీద గీసి చూపించడం మొదలుపెట్టాడు. వీడూ ఇంకో పుల్ల తీసుకున్నాడు. వచ్చే డిసెంబరులో వాళ్ళ నాన్నని కూడా తీసుకెళ్తున్నాను. టికెట్టు డబ్బులు స్కూలు ఇవ్వకపోతే నేను పెట్టుకుంటాను.