పిడుగుపాటు – పొదుపు లెక్క

ఇంటిలోని విద్యుత్ పరికరములకు రక్షణసాధనము అమర్చుటకగు వ్యయము సార్థకమా, వృథాయా అను ప్రశ్న నేటిదని మనము తలంచుచుందుము. కాని యిది రెండువందల యేండ్లకు పైబడిన ప్రశ్న. ఇటలీలోని వెనిస్ నగరము దీనికి ఆనాడే సమాధానము చెప్పినది.

ఆ నగరమున సెయింట్ మార్కు దేవాలయము చెంత దాదాపు 99 మీటర్ల యెత్తైన గంటగోపురము కలదు. చుట్టును సముద్రము, ఉరిమినపుడెల్ల ఆ శిఖరమునకు గండమే. 1489లో పిడుగుపడి కొయ్యశిఖరము దగ్ధమయ్యెను. 1745లో గోపురము బీటలువారి, రాలిన శిథిలముల క్రింద కొందరు మరణించిరి. దెబ్బ తగిలినపుడెల్ల ధనము వెచ్చించి మరమ్మతు చేసిరే గాని నివారణోపాయము నెరుగరు.

1752లో ఫ్రాన్సు దేశమున, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన ననుసరించి, డాలిబార్ ఇనుపకడ్డీ నిలిపి మేఘములోనిది విద్యుత్తే యని నిరూపించెను. ఇంటికప్పుపై కడ్డీ నిలిపి, దాని రెండవ కొనను తేమనేలలో 3, 4 అడుగుల లోతున దింపవలెనని ఫ్రాంక్లిన్ 1753వ సంవత్సరపు తన పంచాంగమున తెలిపెను. కడ్డీయే పిడుగును పిలుచునని పలువురు భయపడిరి. అయినను 1776లో వెనిస్ గోపురమునకు కడ్డీ అమర్చిరి. ఆపై పిడుగువలన దానికి చెప్పుకొనదగిన హాని కలుగలేదు. 1902లో అది కూలినమాట నిజమే. ఆ దోషము కట్టడమునది, పిడుగుది కాదు.

కడ్డీ గోడలను కాచును. గోడలలోని తీగలను కాదు. దూరమున పడిన పిడుగు సైతము తీగల వెంట అధిక వోల్టేజిని ఇంటిలోనికి పంపగలదు. అందుకే పూర్వము రేడియో కొన్నవారు వెలుపలి ఏరియలును భూమితో కలుపు ఏర్పాటు చేసికొనెడివారు. నేటి రక్షణసాధనములలో సాధారణముగా జింక్ ఆక్సైడ్ బిళ్ల యుండును. మామూలు వోల్టేజి వద్ద అది విద్యుత్తును దాదాపు పోనీయదు. వోల్టేజి హద్దు మీరగానే దారి తెరచి, పరికరముపై పడవలసిన భారమును ప్రక్కకు మళ్లించును. అయితే దెబ్బ దెబ్బకు అదియు క్షీణించును. నేరుగా పడిన పిడుగు నాపుట దాని తరము కాదు.

కావున మా అభిప్రాయమిది. మొదటి రూపాయి ఎర్తుకు చెందవలెను. భూమికి చక్కని దారి లేని యింట ఎంత ఖరీదైన సాధనమైనను సగము పనియే చేయును. పిదప, పరికరము ఖరీదుతో సాధనము ఖరీదును పోల్చి చూడుడు. రెండు బల్బులున్న యింటికి అది యంత యవసరము కాకపోవచ్చును. ఏండ్ల తరబడి కూడబెట్టి కొన్న యంత్రములున్న యింటికి అది చవుకయే. మబ్బు పట్టగానే ప్లగ్గు తీసివేయుటకు మాత్రము ఎవరికిని కానీ ఖర్చు లేదు.