బ్రిస్టల్ రేవులో మూడు పబ్బులు

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పేరుమోసిన రేవుపట్నమే గానీ సముద్రం ఒడ్డున ఉండదు. సెవర్న్ నదీముఖం నుంచి ఏవన్ నది వెంట మైళ్ల కొద్దీ లోపలికి వస్తే గానీ ఊరు తగలదు. ఆ నదిలో పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా 12 మీటర్లు దాటుతుంది. ప్రపంచంలో అతి ఎక్కువ తేడా కనిపించే చోట్లలో ఇదొకటి. పోటు మీద దర్జాగా వచ్చిన ఓడ, ఆటు వేళకి బురదలో ఒరిగిపోయేది. లోపల సరుకు గట్టిగా కట్టకపోతే దొర్లిపోయేది, పాత ఓడైతే నడుమే విరిగేది. విలియం జెస్సప్ అనే ఇంజనీరు నదికి పక్కగా కొత్త కాలువ తవ్వించి, ఆటుపోట్లను అటు మళ్లించి, పాత నదీగర్భానికి లాకులు పెట్టాడు. గోదావరి కాలువల మీద లాకులు దాటే పడవల్ని చూసినవాళ్లకి ఆ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. అప్పటినుంచి రేవులో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటున్నాయి.

1809 మే 1న ఆ పని పూర్తయింది. తవ్విన కూలీలు వెయ్యిమందికి విందు పెట్టారు. రెండు ఎడ్లను నిలువునా కాల్చి వడ్డించారు, మనిషికో గ్యాలన్ చొప్పున ఘాటైన బీరు పోశారు. బీరు అయిపోయింది. ఇంగ్లిష్ కూలీలకీ ఐరిష్ కూలీలకీ మొదలైన కొట్లాట అల్లరిగా మారింది. అణచడానికి, జనాన్ని బలవంతంగా నౌకాదళంలోకి పట్టుకుపోయే ముఠానే పిలవాల్సి వచ్చింది. నీళ్లు, కూలీలు, బీరు, బలవంతం. బ్రిస్టల్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ నాలుగూ కలిపి చూడాలి.

మేమిద్దరం ఆ ఊరికి వెళ్లినప్పుడు ఒక ఒప్పందం చేసుకున్నాం. పగలు చూసే చోట్లు మా ఆవిడ ఎంచుతుంది, సాయంత్రం కూర్చునే పబ్బులు నేను ఎంచుతాను. ఆవిడ మందు ముట్టదు. గ్లాసులో నిమ్మసోడా ముందు పెట్టుకుని, గోడల మీది పాత బొమ్మల్నీ పలకల్నీ వదలకుండా చదువుతుంది. అలా చదివించుకునే గోడలు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి.

ఆవిడ మొదట ఎంచింది ఆర్నోస్ వేల్ శ్మశానం. పచ్చని చెట్ల మధ్య రాతి స్తంభాలతో, బెంగాలీ పద్ధతిలో కట్టిన ఛత్రి కింద రాజా రామమోహన రాయ్ ఉన్నారు. 1833 సెప్టెంబరులో ఇక్కడి యూనిటేరియన్ (ఒక క్రైస్తవ శాఖ) మిత్రుల ఇంటికి అతిథిగా వచ్చిన ఆయన జ్వరంతో మంచాన పడి, 27న కన్నుమూశారు. మొదట ఆ ఇంటి తోటలోనే పాతిపెట్టారు. పదేళ్లకి ఆయన మిత్రుడు ద్వారకానాథ్ ఠాగూర్ పూనుకుని ఈ చోటికి మార్పించి ఛత్రి కట్టించాడు. ఊరి నడిబొడ్డున కాలేజ్ గ్రీన్ దగ్గర ఆయన విగ్రహం కూడా ఉంది, 1997లో పెట్టింది. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1881లో తొలి వితంతు వివాహం జరిపించడం వెనక, కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజం నడపడం వెనక ఉన్న పెద్ద ప్రేరణల్లో ఒకటి ఈ రాతి కింద నిద్రపోతోంది. మా ఆవిడ చెప్పులు విప్పి మెట్టు ఎక్కింది. ఎవరూ చెప్పలేదు, అలవాటుగానే విప్పింది.

అక్కణ్ణుంచి రేవుకి వచ్చి గ్రేట్ బ్రిటన్ ఓడ ఎక్కాం. ఇంజనీరు బ్రునెల్ కట్టిన ఈ ఇనుప ఓడ, రామమోహన్‌ని ఆర్నోస్ వేల్‌కి మార్చిన 1843లోనే నీళ్లలోకి దిగింది. ఆస్ట్రేలియాకి వలసజనాన్ని మోసింది. 1857 తిరుగుబాటును అణచడానికి సైనికుల్ని బొంబాయికి చేరవేసిందీ ఇదే. చివరికి ఫాక్‌లాండ్ దీవుల్లో తుప్పుపట్టి పడి ఉంటే, 1970లో తేలేసి తీసుకొచ్చి, తను పుట్టిన అదే రేవుగుంటలో నిలబెట్టారు. చూడదగ్గ ఓడ. కానీ నన్ను పట్టి ఆపింది ఓడలు కాదు, ఓడల్లోకి మనుషులు ఎక్కడినుంచి వచ్చేవాళ్లన్న ప్రశ్న. దానికి జవాబు పబ్బుల్లోనే దొరుకుతుంది.

కింగ్ స్ట్రీట్‌లో లాండోగర్ ట్రౌ ఉంది. 1664 నాటి కట్టడం, చెక్క దూలాలతో వీధి మీదికి వంగినట్టు ఉంటుంది. వేల్స్‌లోని లాండోగో నుంచి సరుకు తెచ్చే అడుగు బల్లపరుపు పడవల్ని ట్రౌ అంటారు, పబ్బుకి ఆ పేరే పెట్టారు. ఒకప్పుడు అయిదు కోణాల కప్పులుండేవి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి మూడే మిగిలాయి. జనం లేని దీవిలో నాలుగేళ్లకి పైగా ఒంటరిగా బతికిన అలెగ్జాండర్ సెల్కిర్క్‌ని 1709లో రక్షించినవి బ్రిస్టల్ నుంచి బయల్దేరిన వుడ్స్ రోజర్స్ ఓడలే. ఆ సెల్కిర్క్‌ని రచయిత డేనియల్ డెఫో కలిసింది ఈ పబ్బులోనే అని ఊళ్లోవాళ్లు చెప్పుకుంటారు. దానికి ఆధారం లేదు. డెఫో రాసిన రాబిన్‌సన్ క్రూసో నవలైతే 1719లో వచ్చింది, ఇప్పటికీ పిల్లలు చదువుతున్నారు.

ఆ రాత్రి ఆ చెక్క గోడల మధ్య కూర్చుంటే నాకు గుర్తొచ్చింది పిల్లల పుస్తకాల్లో సాధారణంగా తీసేసే ఒక ముక్క. క్రూసో ఓడ మునిగింది, అతను ఆఫ్రికా తీరానికి బానిసల్ని కొనడానికి వెళ్తుండగా. బ్రెజిల్‌లో తన తోటకి కూలీలు కావాలి. ఏకాంతంలో మనిషి కష్టపడి బతికిన కథగా మనం చదువుకునేది మొదలయ్యేది బానిసల వ్యాపారంతోనే. బ్రిస్టల్ కూడా అంతే. 1698 నుంచి 1807 దాకా ఈ రేవు నుంచి రెండువేలకి పైగా ఓడలు ఆ పని మీద వెళ్లాయి. అవి అట్లాంటిక్ దాటించిన ఆఫ్రికన్లు దాదాపు 5 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. ఊళ్లోని అందమైన జార్జియన్ ఇళ్లు చాలావరకు ఆ డబ్బుతో లేచినవే.

రెండో పబ్బు సెవెన్ స్టార్స్. విక్టోరియా స్ట్రీట్ పక్కన థామస్ లేన్ అనే సందులో, చిన్నది, తొందరలో ఉంటే దాటి వెళ్లిపోతాం. 1787 వేసవిలో థామస్ క్లార్క్‌సన్ అనే 27 ఏళ్ల యువకుడు గుర్రం మీద ఈ ఊరికి వచ్చాడు. రెండేళ్ల కిందట కేంబ్రిడ్జిలో, మనుషుల్ని వాళ్ల ఇష్టానికి విరుద్ధంగా బానిసలు చేయడం న్యాయమా అన్న విషయం మీద లాటిన్‌లో వ్యాసం రాసి బహుమతి గెలిచాడు. బహుమతి చాల్లే అని ఊరుకోలేదు. పార్లమెంటుని కదిలించాలంటే సాక్ష్యం కావాలి. సాక్ష్యం ఓడలెక్కేవాళ్ల దగ్గరుంది. వాళ్లు ఉండేది పబ్బుల్లో.

సెవెన్ స్టార్స్ యజమాని థాంప్సన్ బానిస ఓడలకి మనుషుల్ని చేర్చని మనిషి. ఆయనే క్లార్క్‌సన్‌ని అర్ధరాత్రి దాటాక మార్ష్ స్ట్రీట్ పబ్బుల్లోకి వెంటబెట్టుకుని తిరిగాడు. అక్కడ జరిగేది ఇది: ఓడ కెప్టెన్లు పబ్బు వాళ్లకి డబ్బులిస్తారు. కుర్ర నావికులకి తాగినంత పోస్తారు. కొందరిని స్పృహ లేకుండానే ఓడలోకి మోసుకుపోతారు. మిగతావాళ్లకి బాకీ పెరిగాక రెండే దారులు మిగులుతాయి: బానిస ఓడ లేదా జైలు. తెలివిలో ఉన్న నావికుడెవడూ ఆ ఓడలు ఎక్కేవాడు కాదు. ఎందుకెక్కడో క్లార్క్‌సన్ మర్చంట్ వెంచరర్లనే వర్తక సంఘం హాలులోని నావికుల హాజరు పట్టీలు తిరగేసి లెక్కతీశాడు. ఈ వ్యాపారం దేశానికి గట్టి నావికుల్ని తయారుచేస్తుందని దాన్ని సమర్థించేవాళ్లు గొప్పగా చెప్పేవాళ్లు. పట్టీల్లో కనిపించింది చావులు. జ్వరాలతో, కెప్టెన్ల కొరడా దెబ్బలతో తెల్ల నావికులూ పెద్దసంఖ్యలో చచ్చిపోతున్నారు. బానిస ఓడల్లో పనిచేసి విసిగిన డాక్టరు అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ బయటికొచ్చి మాట్లాడాడు, మరుసటి ఏడు తను చూసిందంతా పుస్తకంగా అచ్చువేశాడు.

గోడ మీది పలక చదివి మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ఆ థాంప్సన్ వ్యాపారం దెబ్బతినలేదంటారా? పక్క పబ్బు వాళ్లంతా డబ్బు చేసుకుంటుంటే?" దెబ్బతినే ఉంటుంది. పార్లమెంటులో మాట్లాడిన విల్బర్‌ఫోర్స్ పేరు బడి పుస్తకాల్లో ఉంది. ఓడల వాళ్ల మీదే బతికే రేవులో ఓ అపరిచితుణ్ణి తన చూరు కింద కూర్చోబెట్టి, చీకట్లో దారి చూపిన పబ్బు యజమానికి ఈ పలకే మిగిలింది. నా మటుకు నాకు ఆ రేవులో అన్నిటికంటే పెద్ద స్మారకం అదే.

1807లో బానిసల వ్యాపారం చట్టవిరుద్ధమైంది. బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1833 ఆగస్టు 28న వచ్చింది, రామమోహన్ బ్రిస్టల్‌లో కన్నుమూయడానికి నెల ముందు. ఆ చట్టం ప్రకారం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు. ఇచ్చింది యజమానులకి. బానిసలుగా బతికినవాళ్లకి దమ్మిడీ లేదు.

మర్నాడు రేవు మీది పీరో వంతెన దాటాం. 12 ఏళ్ల వయసులో నీవిస్ దీవిలో పిన్నీ అనే చక్కెర తోటల యజమాని కొనుక్కున్న కుర్రాడు పీరో. ఆ కుటుంబంతో బ్రిస్టల్‌కి వచ్చి సేవకుడిగానే చనిపోయాడు. 1999లో ఈ వంతెనకి అతని పేరు పెట్టారు. 2020 జూన్ 7న జనం, బానిసల కంపెనీలో పెద్ద హోదాలో ఉండి డబ్బు గడించిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని పడగొట్టి దొర్లించుకుంటూ తెచ్చి నీళ్లలో పడేసింది దీని దగ్గరే. 1895 నుంచి దర్జాగా నిలబడ్డ విగ్రహం అది. ఇప్పుడు ఎమ్ షెడ్ మ్యూజియంలో, ఆ రోజు పూసిన రంగులతోనే పడుకోబెట్టి ఉంచారు. తిరిగి నిలబెట్టకపోవడమే సరైన పని.

మూడోది లూయిన్స్ మీడ్‌లోని బే హార్స్. యాత్రికులు దీని కోసం వెతుక్కుంటూ రారు. 1963లో బ్రిస్టల్ బస్సుల్లో కండక్టరు, డ్రైవరు ఉద్యోగాలు నల్లవాళ్లకీ ఆసియావాళ్లకీ ఇచ్చేవారు కాదు. పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడు ముందుండి, వెస్టిండియన్ మిత్రులతో కలిసి ఊరంతా బస్సులు ఎక్కొద్దని పిలుపిచ్చాడు. ఏప్రిల్ చివర మొదలైన బహిష్కరణకి ఆగస్టు 28న కంపెనీ తలవంచింది. సెప్టెంబరులో చేరిన తెల్లవాడు కాని మొదటి కండక్టరు మన భారతీయుడు, రఘుబీర్ సింగ్ అనే సిక్కు.

మరుసటి ఏడు స్టీఫెన్‌సన్ బే హార్స్‌లో కూర్చుని ఒక హాఫ్ పైంట్ బీరు తాగాడు. నల్లవాళ్లని రానివ్వం, వెళ్లిపొమ్మన్నాడు మేనేజరు. ఆయన కదల్లేదు. పోలీసులు వచ్చారు, పట్టుకుపోయారు, కేసు పెట్టారు. కోర్టు ఆ కేసు కొట్టేసింది. 1965లో బ్రిటన్ మొదటి జాతి వివక్ష నిరోధక చట్టం తెచ్చింది. పబ్బులు, హోటళ్లు లాంటి చోట్ల రంగుని బట్టి మనిషిని వెళ్లగొట్టడం దానితో నేరం కాకపోయినా చట్టవిరుద్ధమైంది. ఉద్యోగాలకీ అద్దె ఇళ్లకీ ఆ రక్షణ రావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది.