డుయోడినం: పన్నెండు వేళ్ల పేగు

జీర్ణాశయం దాటగానే మొదలయ్యే చిన్నపేగు తొలి భాగం డుయోడినం. మన పాఠ్యపుస్తకాల్లో ఆంత్రమూలం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో మానవ దేహాలను కోసి పరిశీలించిన గ్రీకు వైద్యుడు హీరోఫిలస్, దీని పొడవు పన్నెండు వేళ్ల వెడల్పని గమనించి, గ్రీకులో ఆ అర్థంతోనే పేరు పెట్టాడు. అరబ్బీ వైద్యులు దాన్ని తమ భాషలోకి తెచ్చుకున్నారు. మధ్యయుగపు లాటిన్ అనువాదాల్లో అది డుయోడినం అయింది. లాటిన్‌లో 'డుయోడెని' అంటే పన్నెండేసి. నేటి కొలతలో సుమారు 25 సెంటీమీటర్లు. మన పాత లెక్కలోనూ పన్నెండు అంగుళాలు (వేళ్ల వెడల్పులు) ఒక జాన, అంటే ఇది జానెడు పేగు.

దాని తరువాతి భాగం జెజునం. ఆ లాటిన్ మాటకు ఉపవాసమున్నదని అర్థం. శవాన్ని కోసినప్పుడు ఆ పేగు తరచూ ఖాళీగా కనిపించేది. పేర్లు బట్టీపట్టే వైద్య విద్యార్థులు విచ్ఛేదనశాలలో ఆంత్రమూలాన్ని ఒక్కసారి వేళ్లతో కొలిచి చూస్తే, ఆ పేరు ఇక మరవరు.