సీరియల్ కాలం, డిచ్‌పల్లి డాక్టరు

తెలుగు నవల పుట్టిందే విడతలుగా. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878 నుంచి ఆయన నడిపిన వివేకవర్ధని పత్రికలో భాగాలుగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. 1890ల్లో రాజమండ్రి చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం రామచంద్రవిజయానికి బహుమతి వచ్చింది ఆ పోటీలోనే. పత్రిక కోరిన తీరున రాయడం, వచ్చే భాగం కోసం పాఠకుడు ఎదురుచూసేలా రాయడం తెలుగు నవలాకారుడికి ఇప్పటి ఫోన్ సీరియళ్లతో వచ్చిపడిన ఇబ్బందులు కావు. నడుస్తున్న ఒరవడికి కలం వంగని రచయితలు కూడా మొదటి నుంచీ ఉన్నారు. వాళ్లలో ముఖ్యులైన ఇద్దరి దారులు పాత నిజామాబాదు జిల్లా మీదుగా సాగాయి.

ఆ పాత జిల్లాలోని ఒక ఊరు, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న లింగంపేట. నిజాం కాలంలో అది ఎల్లారెడ్డి తాలూకా కిందికి వచ్చేది. కోస్తా పట్టణాల్లో నవలల పోటీలు జరుగుతున్న రోజుల్లో ఈ ప్రాంతంలో బడి చదువు ఉర్దూలో సాగేది. తెలుగు చదవడం ఇంట్లోనో, వీధిబడిలోనో అబ్బాల్సిందే. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక మొదలైంది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. గ్రంథాలయోద్యమం అప్పటికే పల్లెబాట పడుతోంది. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి తీసుకోవాల్సిన రాజ్యంలో పుస్తకాలు పోగేసి నలుగురూ కూర్చుని చదవడమే రాజకీయమైంది. అందువల్ల ఇక్కడ పఠనం పొద్దుపోక మొదలైన అలవాటు కాదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోకపోతే తెలంగాణ నవల ఎందుకు ఆలస్యంగా వచ్చిందో, వచ్చాక ఎందుకంత వేరుగా ఉందో అర్థం కాదు.

కోస్తాలో అదే సమయానికి అణాల ధరకు దొరికే చిన్న నవలలు రైలు ప్రయాణికుల చేతుల్లోకి చేరాయి. వాటికి మారుపేరు కొవ్వలి లక్ష్మీనరసింహరావు. ఆయన రాసినవి వెయ్యి నవలలని ప్రసిద్ధి. జంపన చంద్రశేఖరరావు కూడా ఆ వరసలోవాడే. పండితులు ముఖం చిట్లించుకున్నారు గానీ అక్షరాలు కూడబలుక్కునే వాళ్లకు, ముఖ్యంగా ఇల్లు దాటని ఆడవాళ్లకు, నవల చదివే అలవాటు చేసిన ఘనత ఈ చిన్న పుస్తకాలదే. 1950ల చివరి నుంచి డిటెక్టివ్ నవలలు వాటి చోటు ఆక్రమించాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరం కుర్రవాళ్లకు ఇంటి మనుషులైపోయారు. ఆ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివినవారికి లెక్క లేదు.

దాదాపు ఈ కాలంలోనే వట్టికోట ఆళ్వారుస్వామి తన నవల రాశాడు. 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టిన ఆయన పేదరికం వల్ల ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చు వేశాడు, వాటిని స్వయంగా మోసుకెళ్లి ఊరూరా అమ్మాడు. నిజాం వ్యతిరేక ఉద్యమంలో జైలు పాలయ్యాడు. నిజామాబాదు జైల్లో కవి దాశరథి కృష్ణమాచార్య ఆయన సహఖైదీ. దాశరథి బొగ్గుముక్కతో గోడల మీద పద్యాలు రాసింది ఆ జైల్లోనే.

1955లో వెలువడిన ప్రజల మనిషి తెలంగాణ తొలి నవలగా పేరుపొందింది. దేశ్‌ముఖ్‌ల దౌర్జన్యం, వెట్టి, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ అందులోని సరుకు. నడుస్తున్న మోజుతో పోలిస్తే అందులో అమ్ముడుపోయే హంగు ఒక్కటీ లేదు. నేరపరిశోధన లేదు, ప్రేమకథ చుట్టూ అల్లిక లేదు. ఏ వారపత్రిక తీరుకూ ఒదగని పుస్తకం అది. గ్రంథమాల అనుభవం ఉన్న మనిషి కాబట్టి పాఠకుడు ఎక్కడుంటాడో ఆళ్వారుస్వామికి బాగా తెలుసు. ఇప్పటికే ఉన్న పాఠకుడి కోసం కాకుండా, తన గ్రంథమాల తయారుచేసిన పాఠకుడి కోసం రాశాడని చెప్పాలి. దాని కొనసాగింపుగా మొదలుపెట్టిన గంగు పూర్తికాకముందే 1961లో కన్నుమూశాడు. అసంపూర్ణంగానే అది తర్వాత పుస్తకంగా వచ్చింది. తెలంగాణ జీవితాన్ని వరస నవలలుగా చెప్పే ఆ పనిని దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదంతో ముందుకు తీసుకెళ్లాడు. కోస్తా మధ్యతరగతి పలుకుబడే నవలా భాషగా స్థిరపడిపోయిన రోజుల్లో చిల్లర దేవుళ్లు పాత్రల చేత తెలంగాణ మాట మాట్లాడించింది. తర్వాత సినిమాగా కూడా వచ్చింది.

1960ల నుంచి ఇరవై ఏళ్ల పాటు తెలుగు నవలకు రాజధాని వారపత్రిక. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు సీరియళ్ల మీద నిలబడ్డాయి. జ్యోతి, యువ లాంటి మాసపత్రికలు తోడయ్యాయి. పత్రిక బజారుకు వచ్చే రోజు ఇంట్లో ఎవరు ముందు చదవాలన్న దాని మీద తగువులయ్యేవి. సీరియల్ కాగితాలు చింపి, కుట్టి, బైండు చేయించుకోవడం మామూలు. కొనలేని వాళ్లకు పట్టణాల్లో అద్దె పుస్తకాల షాపులుండేవి.

ఆ కాలపు ఏలిక రచయిత్రులది. ముప్పాళ రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన, యద్దనపూడి సులోచనారాణి పేర్లు చూసి పాఠకులు పత్రిక కొనేవారు. యద్దనపూడి సెక్రటరీ 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఉద్యోగంలో చేరిన జయంతి, సంపన్నుడైన యజమాని రాజశేఖరం, ఇద్దరి మధ్య అభిమానమూ పంతమూ. ఈ అచ్చు ఎంతగా నడిచిందంటే, సంపాదకులు అదే కావాలని అడగడం, కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాయడం కూడా జరిగింది. ఇప్పుడు ఫోన్‌లో వచ్చే సీరియళ్లలో కోటీశ్వరుడైన కంపెనీ యజమాని, ఒప్పందపు పెళ్లి చూసి ఇదెక్కడి కొత్త పోకడ అని విసుక్కునే రచయితలు సెక్రటరీని ఒకసారి తిరగేస్తే రాజశేఖరం వారసుడిని గుర్తుపట్టడం కష్టం కాదు.

అయితే ఆ గుంపులో అందరూ ఒకే బాటన నడవలేదు. రంగనాయకమ్మ సీరియల్ రచయిత్రిగానే పేరు తెచ్చుకుని, ఆ తీరును వదిలేసి, సంసారంలో ఆడదాని చాకిరీ గురించి, ఆపైన మార్క్సిజం గురించి రాసింది. తన పుస్తకాలు తానే స్వీట్ హోమ్ పబ్లికేషన్స్ పేరుతో అచ్చు వేయించి, అందుబాటు ధరకు అమ్మింది. ఒరవడిని వదిలిన వాళ్లంతా పాఠకులను పోగొట్టుకున్నారనే మాటకు ఆమె పెద్ద మినహాయింపు.

1980ల మొదట్లో మోజు మళ్లీ మారింది. సికరాజు సంపాదకుడిగా ఉన్న ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం సీరియల్‌గా వచ్చింది. చేతబడి, కాష్మోరా, పసిపిల్ల ప్రాణగండం కలిసి పత్రిక అమ్మకాలను పెంచాయి. క్షుద్ర సాహిత్యమని విమర్శకులు దుమ్మెత్తిపోశారు. ప్రతి వారం చివర పాఠకుణ్ని అంచున నిలబెట్టి వదలడంలో యండమూరి పనితనం మాత్రం కాదనలేనిది. ఆయనను అనుకరిస్తూ వచ్చిన మంత్రతంత్రాల నవలల్లో ఇప్పుడు పేరు చెప్పుకునేవి తక్కువ. ఒరవడి పెట్టినవాడికి దక్కింది అనుకరించినవాళ్లకు దక్కలేదు. ఈ సంగతి డిటెక్టివ్ నవలల విషయంలోనూ, సెక్రటరీ అచ్చు విషయంలోనూ అంతే.

తులసిదళం ఇంటింటా నలుగుతున్న ఆ సంవత్సరాల్లోనే నిజామాబాదుకు దగ్గరలోని డిచ్‌పల్లిలో ఒక కుష్ఠు వైద్యుడు నవలలు రాస్తున్నాడు. ఆయన కేశవరెడ్డి. 1946లో చిత్తూరు జిల్లా తలుపులపల్లిలో పుట్టి, వైద్యం చదివి, మిషనరీలు స్థాపించిన డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రిలో పనికి కుదిరాడు. కుష్ఠు అంటే ఊరు వెలివేసే రోజుల్లో మొదలైన ఆసుపత్రి అది. రోజంతా అటువంటి రోగుల మధ్య గడిపే మనిషి వెలివాడల గురించి, భూమి లేనివాళ్ల గురించి రాయడం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యమేమంటే ఆయన నిజామాబాదులో బతుకుతూ దాదాపు తన నవలలన్నీ చిత్తూరు పల్లెల్లో నడిపాడు, ఆ మాటలోనే రాశాడు.

అతడు అడవిని జయించాడులో పందుల్ని మేపుకునే ముసలివాడు తప్పిపోయిన చూలు పందిని వెతుక్కుంటూ పొద్దుగూకే వేళ అడవిలోకి వెళతాడు. అంతా ఒక రాత్రి చుట్టూ తిరిగే కథ. పిల్లల్ని ఈనిన పంది, వాటి కోసం పొంచిన నక్కలు, మధ్యలో ఆ మనిషి. కన్నె లేదు, యజమాని లేడు, వారం వారం తెగ్గొట్టడానికి అనువైన మలుపులు లేవు. విమర్శకులు హెమింగ్వే ముసలి జాలరి కథతో దాన్ని పోల్చారు. తర్వాత అది ఆంగ్లంలోకి వెళ్లింది. మూగవాని పిల్లనగ్రోవిలో భూమి పోగొట్టుకున్న రైతు బక్కిరెడ్డి కథ జానపద గాథలా విస్తరిస్తుంది. చివరి గుడిసె నేరస్థ జాతులని తెల్లదొరలు ముద్ర వేసినవాళ్ల గురించి. సిటీ బ్యూటిఫుల్ వీటన్నిటికీ దూరంగా మనసు లోపలి మాటల ధారలో నడుస్తుంది. ఒకే రచయిత ఒక పుస్తకంలాగా ఇంకొకటి రాయకపోవడం ప్రచురణకర్తలకు నచ్చే గుణం కాదు.

ఆయనకు దారి దొరికిన చోట్లు వేరు. 1978లో మొదలైన చతుర మాసపత్రిక నెలకొక పూర్తి నవలను ఒకే సంచికలో ఇచ్చేది. వారం వారం ఉత్కంఠ కోసం కథను కోయక్కరలేని వేదిక అది. మునెమ్మ అందులోనే వెలువడి, స్త్రీవాదుల్లో పెద్ద చర్చ రేపింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ఆయన నవలలను తక్కువ ధరకు పుస్తకాలుగా వేసింది. వీటికి తోడు ఆసుపత్రి జీతం ఉంది. ఈ చివరి మాటను సాహిత్య చరిత్రలు దాటవేస్తుంటాయి. ఒరవడికి దూరంగా నిలబడిన రచయితల్లో చాలామందికి కూడు పెట్టిన వృత్తి మరొకటి ఉంది. అల్పజీవి రాసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. సీరియల్ మీదే బతకాల్సిన రచయితకు ఈ స్వేచ్ఛ లేదు, అందుకు ఆ రచయితను తప్పుపట్టడమూ సబబు కాదు. కేశవరెడ్డి 2015 ఫిబ్రవరిలో నిజామాబాదులో కన్నుమూశాడు.

1990ల్లో టీవీ సీరియల్ ఇంటికి వచ్చాక పత్రిక సీరియల్ పని అయిపోయింది. వారపత్రికలు ఒకటొకటిగా మూతపడ్డాయి, మిగిలినవి చిక్కిపోయాయి, అద్దె షాపులు కనుమరుగయ్యాయి. ఇరవై ఏళ్ల తర్వాత సీరియల్ తిరిగి లేచింది, ఈసారి ఫోన్‌లో. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపి తెలుగు సహా అనేక భారతీయ భాషల్లో కథలను భాగాలుగా చదివిస్తోంది. ఇక్కడ సంపాదకుడు లేడు, ఆ చోట పాఠకుల సంఖ్య, రేటింగులు, వ్యాఖ్యలు ఉన్నాయి. మర్నాడు మరో భాగం రాకపోతే పాఠకులు జారుకుంటారు. కాబట్టి పొట్టి అధ్యాయాలు, ఎంతకీ ముగియని కథలు, ప్రేమ, పెళ్లి, పగ. వారపత్రిక సంపాదకుడు ఏడు రోజుల గడువిచ్చేవాడు, ఫోన్ అంత కూడా ఇవ్వడం లేదు. మరోవైపు, ఏ సంపాదకుడి గుమ్మమూ తొక్కలేని గృహిణులు, చిన్న ఊళ్ల యువకులు ఇందులో రాస్తున్నారు. కొవ్వలి కాలంలో చదువరులకు జరిగిన మేలు ఇప్పుడు రాసేవాళ్లకు జరుగుతోంది.

ఈ వేగానికి అందని నిదానపు నవలకు ఇప్పటి ప్రధాన ఆసరా పోటీ బహుమతులు, చిన్న ప్రచురణ సంస్థలు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా నవలల పోటీలో 1997లో చంద్రలత రేగడి విత్తులు నెగ్గింది. వ్యవసాయం, వలస రైతులు దాని వస్తువు. బండి నారాయణస్వామి అనంతపురం చరిత్రను తవ్వి రాసిన శప్తభూమి కూడా తానా బహుమతి నవలే, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. కరువు కాలంలో గొర్రెలను నల్లమలకు తోలుకెళ్లే కాపరుల మీద సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన కొండపొలం తానా బహుమతి పొందాక క్రిష్ దర్శకత్వంలో సినిమాగా తయారైంది. ఆ సినిమా విడుదలైన 2021లోనే, మునెమ్మను పాఠకులకు అందించిన చతుర ఆగిపోయింది.