ఆకు ఊడ్చిన అడవి

పద్దెనిమిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి జర్మన్ పల్లెల్లో పశువులు బయట మేయడం తగ్గి, కొట్టాల్లోనే ఉండసాగాయి. కట్టేసిన పశువు కింద ఏదో ఒకటి పరవాలి. ఉన్న కాస్త గడ్డీ మేతకే సరిపోవడంతో చిన్న రైతు అడవి దారి పట్టాడు. రాలిన ఆకులు, సూదుల్లాంటి పైన్ ఆకులు, నాచు, అన్నీ చెక్కపళ్ల గొర్రుతో పోగుచేసి బండికెత్తాడు. పేడా మూత్రం పట్టిన ఆ చెత్తే తర్వాత బంగాళదుంప చేనుకు ఎరువు. మన వరి రైతు కానుగ రొట్ట తెచ్చి మడిలో తొక్కించినట్టే ఇదీ. కాకపోతే ఇక్కడ రైతు చెట్టు రెమ్మ విరిచాడు, అక్కడి రైతు అడవి నేల మీది దుప్పటినే లాగేశాడు. అదీ ఏళ్ల తరబడి, అదే చోట.

అటవీ అధికారులు దీన్ని దోపిడీ అన్నారు. వాళ్ల చేతులూ అంత శుభ్రమైనవేం కావు. గనులకు కలప చాలడం లేదని సాక్సనీ గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో పుస్తకం రాశాడు. నరికినంతా మళ్లీ పెంచాలన్నది అందులోని మాట. ఆ దారిలోనే హైన్రిఖ్ కోట్టా 1811లో థారాంట్‌లో అటవీ పాఠశాల నడిపాడు. పాత బీచ్, ఓక్ చెట్ల అడవుల చోట స్ప్రూస్, పైన్ వరుసలు లేచాయి. కలప లెక్క తేలిగ్గా తేలింది. నేల లోపలి లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

బవేరియాలో ఎర్నెస్ట్ ఎబర్మాయర్ 1876లో ఆకుచెత్త మీద పెద్ద గ్రంథమే వేశాడు. దుంగతో పోలిస్తే ఆకుతో బయటికి పోయే ఖనిజాలే ఎక్కువని రసాయనిక లెక్కలతో చూపాడు. కొద్ది కాలానికే డెన్మార్క్ అటవీశాస్త్రజ్ఞుడు పి.ఇ. ముల్లర్ బీచ్ అడవుల మట్టిని తవ్వి, జీవుల్ని బట్టి దాన్ని రెండు రకాలుగా విడదీశాడు. వానపాములు ఆకును లోపలికి లాగి మట్టితో కలిపిన గుల్ల నేల ఒకటి. అవి లేక, ఆకు పొరలుగా పేరుకుని బూజుదారాలు అల్లుకున్న పుల్లని నేల మరొకటి. స్ప్రూస్ వరుసల కింద ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. అలాగని అది నిర్జీవం కాదు. వానపాములు తగ్గిన చోట మైట్లు, స్ప్రింగ్‌టెయిల్‌లు అనే చిట్టి నేలజీవులు కిక్కిరిసి ఉంటాయి. మారేది ఊరి జనాభా ఒక్కటే కాదు, అక్కడ కాపురముండే కులాలూ మారతాయి.

విచిత్రం ఏమిటంటే, అధికారులూ నేల మీది పురుగుల్ని లెక్కపెట్టారు. జర్మనీలో లెట్జ్‌లింగెన్ పైన్ అడవుల్లో 1880 నుంచి 1940 దాకా శీతాకాలపు లెక్కలు దొరుకుతాయి. పైన్ ఆకు తినే నాలుగు రకాల సీతాకోక చిలుకల జాతి పురుగులు చలికాలం ఆకుచెత్తలో ఎన్ని దాగాయో వెతికి రాసేవారు. శత్రువుల లెక్క ఇది, తక్కినవి పద్దుకెక్కలేదు. అలా దాగిన పురుగుల్ని చంపడానికి చెత్తను గోకించడం, పందుల్ని తోలడం కూడా చేశారు. రైతు గోకితే నేరం, ఇలాఖా గోకితే శాస్త్రం!

మిగతా జీవుల్ని లెక్కించే పనిముట్టు 1905లో దొరికింది. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీజ్ మట్టిని జల్లెడ మీద పెట్టి, వేడికి భయపడి కిందికి దిగే పురుగుల్ని గరాటులో పట్టాడు. తర్వాత స్వీడన్‌కు చెందిన టుల్‌గ్రెన్ దానికి విద్యుత్ దీపం చేర్చాడు. చదరపు మీటరు అడవి నేలలో పదివేల స్ప్రింగ్‌టెయిల్‌లు ఉండవచ్చని తేలింది ఇలాంటి గరాటులతోనే.

అడవుల పెంపకంలో ఆ జర్మన్ పద్ధతులే మనకూ వచ్చాయి. బాన్‌లో పుట్టిన డీట్రిఖ్ బ్రాండిస్ 1864లో భారత అటవీ శాఖకు తొలి అధిపతి అయ్యాడు. 1882 మద్రాసు అటవీ చట్టం వెనుక ఉన్నదీ ఆయన సలహాలే. కోస్తా, రాయలసీమ అడవులు ఆ చట్టం కిందికే వెళ్లాయి.

జర్మనీలో ఆకు గోకడం కొన్ని చోట్ల ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా సాగింది. ఇప్పుడక్కడ పైన్ వరుసల మధ్య బీచ్, ఓక్ నాటుతున్నారు. ఇక్కడ టేకు, నీలగిరి తోటల కింద ఏ పురుగులున్నాయో తెలుసుకోవడానికి ఒక గరాటు, ఒక జల్లెడ, ఒక బల్బు చాలు. జిల్లా కేంద్రాల్లోని జంతుశాస్త్ర విద్యార్థులు ఈ పనికి పూనుకోవాలి.