ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఎస్ఓఎస్ బటన్: నొక్కితే కాల్ ఎవరికి వెళ్తుంది? ఎవరు వస్తారు?

అమ్మానాన్న ఊళ్లో, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో. ఫోన్ రెండుసార్లు మోగి ఎత్తకపోతే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే మెడలో వేసుకునే ఎస్ఓఎస్ లాకెట్లు, చేతికి కట్టుకునే బ్యాండ్లు, పడిపోతే తనంతట తానే కాల్ చేసే వాచీల గురించి ఈ మధ్య చాలామంది ఆరా తీస్తున్నారు. "ఏది కొనమంటారు?" అన్నది మాకు తరచూ వచ్చే ప్రశ్న. దానికంటే ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. ఆ బటన్ నొక్కితే అవతల ఎవరు పలుకుతారు? పలికినవాళ్లు ఇంట్లోకి ఎలా వస్తారు?

పడిపోవడం ఒక ఎత్తు, లేవలేకపోవడం మరో ఎత్తు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ప్రాణాంతకంగా పడిపోయేవారిలో 60 ఏళ్లు దాటినవారే ఎక్కువ.

పడినప్పుడు ఎముక విరగకపోయినా, లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోతే అది వేరే ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఒకే వైపు ఒత్తిడి పడి చర్మం పుండు పడుతుంది. కండరాలు దెబ్బతిని వాటి నుంచి విడుదలయ్యే పదార్థాలు కిడ్నీల మీద భారం వేస్తాయి. అలారం చేయగలిగిన అసలు పని ఈ గంటలను నిమిషాలకు తగ్గించడమే. పడిపోకుండా అది ఆపలేదు. అందుకు బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీ, జారని మ్యాట్, రాత్రి వెలిగే చిన్న లైటు కావాలి. డబ్బు పరిమితంగా ఉంటే ముందు వాటికే ఖర్చు పెట్టండి.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో 90 ఏళ్లు దాటిన 110 మందిని ఏడాది పాటు గమనించిన పరిశోధన ఒకటి 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. పడిపోయినవారిలో 30 శాతం మంది గంట, అంతకంటే ఎక్కువసేపు నేల మీదే ఉండిపోయారు. ఇళ్లలో అలారాలు లేక కాదు. చాలామందికి ఉన్నాయి, కానీ వాడలేదు. ఒంటి మీద లేకపోవడం, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనుకోవడం, తనంతట తానే లేవగలననే పట్టుదల... కారణాలు మన ఇళ్లలో వినపడేవే. మా ఇంట్లోనూ లాకెట్ కొన్న వారానికే అది దేవుడి గదిలో మేకుకు వేలాడుతూ కనిపించింది. "స్నానానికి వెళ్తూ తీశాను, మళ్లీ వేసుకోవడం మర్చిపోయాను" అన్నది అమ్మ సమాధానం. స్నానానికి వెళ్లేటప్పుడే కదా అది ఉండాల్సింది! అందుకే నీళ్లు పడినా పాడవనిదే కొనాలి.

ఈ పరికరాలు ఎలా పనిచేస్తాయి?

పాశ్చాత్య దేశాల్లో ఇవి 1970ల నుంచే ఉన్నాయి. అమెరికాలో ఆండ్రూ డిబ్నర్ అనే మనస్తత్వవేత్త 1974లో ఇలాంటి సేవనొకదాన్ని ప్రారంభించారు. మెడలోని బటన్ నొక్కితే ఇంట్లో ల్యాండ్‌లైన్‌కు కలిపిన పెట్టె ద్వారా కాల్ వెళ్తుంది. బ్రిటన్‌లో ఆ కాల్ 24 గంటలూ పనిచేసే కేంద్రానికి చేరుతుంది. అక్కడివాళ్లు స్పీకర్‌లో మాట్లాడి, ముందే రాసిచ్చిన బంధువుకో ఇరుగుపొరుగుకో ఫోన్ చేస్తారు, అవసరమైతే అంబులెన్స్ పిలుస్తారు. చాలాచోట్ల స్థానిక కౌన్సిళ్లే నెలకు కొంత రుసుముతో దీన్ని నడుపుతాయి.

మన దగ్గర ప్రభుత్వం నడిపే అలాంటి ఏర్పాటు లేదు. కేంద్రం 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరులోనే ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు, కళ్లద్దాలు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. ఆ జాబితాలో అలారం లేదు. కాబట్టి ఇక్కడ దొరికేవన్నీ సొంత ఖర్చుతో కొనుక్కోవాల్సినవే.

వాటిలో అన్నిటికంటే చవకైనది వైర్‌లెస్ కాలింగ్ బెల్. కొన్ని వందల రూపాయలు. బటన్ పెద్దవాళ్ల మంచం దగ్గర లేదా మెడలో, బెల్ పక్క ఫ్లాట్‌లోనో కింద వాచ్‌మన్ గదిలోనో. ఇంటర్నెట్ అక్కర్లేదు, రీచార్జ్ అక్కర్లేదు. నా అభిప్రాయంలో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి దీన్ని మించినది లేదు, ఎందుకంటే బెల్ మోగేది మెట్లెక్కి రాగల మనిషి దగ్గర. పెట్టె మీద రాసిన దూరం ఖాళీ మైదానంలో లెక్క. గోడలుంటే బాగా తగ్గుతుంది కాబట్టి బాత్‌రూమ్ తలుపు మూసి నొక్కి చూడాలి.

రెండో రకం సిమ్ కార్డు వేసే లాకెట్లు, బ్యాండ్లు. నొక్కగానే ముందే పెట్టిన రెండు మూడు నంబర్లకు వరుసగా కాల్ చేసి, ఎక్కడున్నారో లొకేషన్ పంపుతాయి. కొనేటప్పుడు అది ఏ నెట్‌వర్క్‌లో పనిచేస్తుందో తప్పక అడగండి. చవకగా దొరికే కొన్ని 2జీ మీద మాత్రమే నడుస్తాయి. జియోకు 2జీ లేదు కాబట్టి వాటిలో జియో సిమ్ వేస్తే సిగ్నలే రాదు. ఇంకో చిక్కు రీచార్జ్. లాకెట్‌లో సిమ్ ఉందన్న సంగతే నాలుగు నెలలకు మర్చిపోతాం. గడువు దాటాక బటన్ నొక్కితే కొడుకుకు కాల్ వెళ్లదు.

మూడో రకం స్మార్ట్‌వాచీలు. 2018లో వచ్చిన సిరీస్ 4 నుంచి యాపిల్ వాచ్‌లో ఫాల్ డిటెక్షన్ ఉంది. గట్టిగా పడి, సుమారు నిమిషం పాటు కదలకపోతే అదే కాల్ చేస్తుంది. 55 ఏళ్లు దాటినట్టు వయసు నమోదు చేస్తే ఈ సదుపాయం దానంతట అదే ఆన్ అవుతుంది. అయితే ఏ వాచీ అయినా మంచం మీద నుంచి మెల్లగా జారి కింద కూర్చుండిపోవడాన్ని గుర్తించకపోవచ్చు. సెల్యులార్ రకం కాకపోతే ఫోన్ దగ్గర్లో ఉండాలి. పైగా చార్జింగ్ పెట్టేది ఎప్పుడు? రాత్రి. పెద్దవాళ్లు చీకట్లో బాత్‌రూమ్‌కు లేచేది కూడా అప్పుడే. సాయంత్రం టీవీ చూసే గంటలో చార్జింగ్ పెట్టే అలవాటు చేయండి.

ఇంట్లో వైఫై మీద ఆధారపడే పరికరమైతే కరెంటు పోయినప్పుడు సంగతేమిటో చూసుకోవాలి. బ్రిటన్‌కు ఇప్పుడు ఇదే తలనొప్పి. పాత ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ లైన్లు వేస్తుంటే కొన్ని అలారాలు మూగబోయాయి. దాంతో 2025 డిసెంబరులో పూర్తి కావాల్సిన మార్పును 2027 జనవరికి వాయిదా వేశారు. మన దగ్గర రౌటర్‌ను ఇన్వర్టర్ లైన్‌లో పెడితే చాలావరకు సరిపోతుంది.

చేతిలో ఉన్న ఫోన్‌లోనే బటన్ ఉంది

కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం, 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి మొబైల్‌లో ప్యానిక్ బటన్ ఉండాలి. బటన్ల ఫోన్‌లో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. కాల్ 112కు వెళ్తుంది. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో ఐదుసార్లు నొక్కాల్సి రావచ్చు, కొన్నింటిలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. అమ్మ ఫోన్ తీసుకుని 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' అన్న చోట ఒకసారి చూడండి. అక్కడే ఎమర్జెన్సీ కాంటాక్టులు, బ్లడ్ గ్రూప్, వాడే మందుల వివరాలు నింపితే, ఫోన్ లాక్‌లో ఉన్నా వచ్చినవాళ్లు చదవగలుగుతారు. పనిచేస్తుందో లేదో చూద్దామని మాత్రం 112కు నొక్కకండి. పొరపాటున వెళ్లిపోతే కట్ చేయకుండా, పొరపాటని చెప్పేయండి.

112 పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడింటికీ ఒకటే నంబర్. అంబులెన్స్‌కు 108 ఎలాగూ ఉంది, 2005 నుంచి మనకు అలవాటైనదే. 14567 మాత్రం వేరు. దాని పేరు ఎల్డర్‌లైన్. 2017లో తెలంగాణ ప్రభుత్వ భాగస్వామ్యంతో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ ద్వారా హైదరాబాద్‌లో మొదలుపెట్టిన సేవ ఇది. 2021 అక్టోబరులో దేశమంతటికీ విస్తరించింది. పింఛను సందేహాలు, పిల్లలు చూడటం లేదన్న ఫిర్యాదులు, న్యాయ సలహా, ఒంటరితనంతో మాట్లాడాలనిపించడం వంటివాటికి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితంగా పలుకుతుంది. రాత్రి పదకొండింటికి నేల మీద పడి ఉన్న మనిషి చేయాల్సిన నంబర్ ఇది కాదు. చాలామంది స్పీడ్ డయల్‌లో దీన్నే పెడుతున్నారు, మార్చేయండి.

దూరంగా ఉన్న పిల్లలు చేసే పొరపాటు

రాజమండ్రిలో అమ్మ బటన్ నొక్కింది. బెంగళూరులోని కొడుకు కంగారుగా 108కి కాల్ చేశాడు. కాల్ కర్ణాటక కేంద్రానికి వెళ్లింది. 112 అయినా అంతే, మీరు ఉన్న రాష్ట్రపు కంట్రోల్ రూమ్‌కే కలుస్తుంది. అమెరికాలో చాలా నెట్‌వర్క్‌లు 112 నొక్కితే వాళ్ల 911కే కలుపుతాయి. పైగా మన మధ్యాహ్నం 2 గంటలంటే న్యూయార్క్‌లో తెల్లవారుజాము 3.30 లేదా 4.30.

కాబట్టి అలారంలో మొదటి నంబర్ పిల్లలది కాకూడదు. పది నిమిషాల్లో ఇంటికి చేరగలిగేవారిది ఉండాలి. పక్కింటి అత్తయ్య, పై అంతస్తులోని కుర్రాడు, అదే వీధిలోని బాబాయ్. వాళ్లను ముందే అడిగి ఒప్పించాలి. పిల్లలది రెండో మూడో నంబర్. అమ్మానాన్న ఉండే ప్రాంతపు పోలీస్ స్టేషన్, దగ్గరి ఆసుపత్రి అంబులెన్స్ నంబర్లు ఎస్‌టీడీ కోడ్‌తో సహా మీ ఫోన్‌లో ఉండాలి. మీ ఫోన్ సైలెంట్‌లో ఉన్నా అమ్మ కాల్ మోగేలా పెట్టుకోండి. ఐఫోన్‌లో కాంటాక్ట్ రింగ్‌టోన్ దగ్గర 'ఎమర్జెన్సీ బైపాస్' ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో డు నాట్ డిస్టర్బ్ మినహాయింపుల్లో ఆ నంబర్ చేర్చాలి.

ఇక తలుపు. మన పెద్దవాళ్లు లోపల గడియ పెట్టి, పైన గొళ్లెం వేసి, ఆపై తాళం కూడా వేసుకుని పడుకుంటారు. పరుగెత్తుకొచ్చిన మనిషి బయటే నిలబడిపోతాడు. బయటి నుంచి తాళంచెవితో తెరుచుకునే లాక్ పెట్టించి, ఒక తాళంచెవి నమ్మకస్తుల దగ్గర ఉంచాలి. బాత్‌రూమ్‌కు గడియ పెట్టకుండా దగ్గరగా వేసుకోమని చెప్పండి. తలుపు బయటికి తెరుచుకునేది అయితే ఇంకా మంచిది. లోపలికి తెరుచుకునేదైతే పడిన మనిషే తలుపుకు అడ్డం అవుతారు.

వృద్ధుల సంక్షేమ చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ప్రతి పోలీస్ స్టేషన్ తన పరిధిలోని వయోవృద్ధుల, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవారి జాబితా ఉంచాలి, నెలకొకసారైనా వెళ్లి పలకరించాలి. అన్నిచోట్లా జరుగుతోందని చెప్పలేం గానీ, ఊరెళ్లినప్పుడు స్టేషన్‌కు వెళ్లి అమ్మానాన్న పేర్లు రాయించడానికి అరగంట పట్టదు.

వైకల్యం ఉన్నవారికి వేరే లెక్క

బటన్ నొక్కగానే అవతలివారు అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" అని. చెవులు వినపడనివారికి, మాట రానివారికి సంభాషణ అక్కడే ఆగిపోతుంది. అలాంటివారికి కాల్‌తో పాటు లొకేషన్, మెసేజ్ పంపే పరికరమే ఉండాలి. 112 సేవను ఎస్ఎంఎస్ ద్వారా, '112 ఇండియా' యాప్ ద్వారా కూడా పొందవచ్చు. ప్రైవేటు సంస్థ సేవ తీసుకుంటే వినికిడి లోపం సంగతి ముందే నమోదు చేయించి, మాట రాకపోయినా మనిషిని పంపాలని రాయించుకోండి.

పక్షవాతం వచ్చినవారికి బ్యాండ్‌ను పనిచేసే చేయి అందుకోగలిగేలా కట్టాలి, పెద్ద బటన్ ఉన్నదే ఎంచుకోవాలి. వేళ్లలో బలం లేనివారితో దుకాణంలోనే నొక్కించి చూడండి. చేతులు అసలు కదలనివారికి గొంతుతో పనిచేసే స్మార్ట్ స్పీకర్ కొంత సాయం. దాంతో బంధువులకు కాల్ చేయవచ్చు గానీ ఎమర్జెన్సీ నంబర్లకు చేయలేమని గుర్తుంచుకోవాలి. మతిమరుపు వ్యాధి ఉన్నవారు బటన్ నొక్కుతారని ఆశించకూడదు. వారికి గీసిన హద్దు దాటితే మీకు తెలిపే జీపీఎస్ ట్రాకర్ పనికొస్తుంది.

ఆసుపత్రులు, మాల్స్‌లోని వికలాంగుల టాయిలెట్లలో ఎర్ర తాడు చూసే ఉంటారు. అది నేల దాకా వేలాడాలి, పడినవారికి అందేందుకే అది. శుభ్రం చేసేటప్పుడు అడ్డమని పైకి చుట్టి ముడేస్తుంటారు. ఈసారి కనిపిస్తే ముడి విప్పేసి రండి.

నెలవారీ రుసుముతో సేవలందించే కంపెనీలనైతే కొన్ని నేరుగా అడగాలి. రాత్రి 2 గంటలకు తెలుగులో మాట్లాడేవారు ఉంటారా? సొంత మనుషులు వస్తారా, లేక వాళ్లూ 108కే ఫోన్ చేస్తారా? మొదటి ఏడాది తర్వాత రుసుము ఎంత? మా ఊరికి సేవ ఉందా, హైదరాబాద్‌కేనా? రెండో ప్రశ్నకు "108కే" అన్న సమాధానం వస్తే, ఆ పని పక్కింటివాళ్లు రూపాయి తీసుకోకుండా చేస్తారు.

పరికరం ఏదైనా నెలకొకసారి, ఒకటో తారీఖున అనుకోండి, నిజంగా నొక్కించి చూడాలి. ముందుగా పక్కింటివారికి చెప్పి, అమ్మనే నొక్కమనండి, బాత్‌రూమ్‌లో నేల మీద కూర్చుంటే చేయి ఎక్కడిదాకా అందుతుందో అక్కడి నుంచి.