సంగదాసుకి ఏం కావాలి?

'మాలపల్లి'ని పొగడటానికీ తిట్టటానికీ మనోళ్ల దగ్గర మాటలు తయారుగా ఉన్నాయి. తొలి దళిత నవల అని ఒకరంటే, గాంధీ భజన అని ఇంకొకరు. మేము ఆ తగువులోకి పోదల్చుకోలేదు. ఇందులో మాల పాత్రలకి ఏ గుణాలు ఇచ్చారు, వాళ్లు ఏం కోరుకున్నారు, దాన్నిబట్టి కథ ఎటు నడిచింది అన్నదే మా ప్రశ్న.

నిజానికి ఈ ప్రశ్న మాది కాదు, మా అమ్మది. ఎం.ఏ. చదివేటప్పుడు సెలవలకి ఇంటికెళ్లి సంగదాసు భాగాలు ఆమెకి చదివి వినిపించాం. బడి మొహం చూడని మనిషి, నాట్లకీ కోతలకీ పోయిన మనిషి. అంతా విని, "బంగారమంటి పిల్లోడే. మరి వాడికంటూ ఏం కావాలంటరా?" అంది. క్లాసులో నోట్సులు బోలెడు రాసుకున్నాం గానీ ఈ మాట ఎవరూ అడగలేదు, మాతో సహా.

ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ నవలని 1922లో జైల్లో రాశారు. తెల్ల ప్రభుత్వం నిషేధించింది. మాలల ఇంటిని కథకి నడిమధ్యన పెట్టటం, గింజల కూలి తగాదాని నవలకెక్కించటం, గుంటూరు పల్లె మాటని అచ్చులోకి తేవటం అప్పటికి చిన్న పనులు కావు. అది ఒప్పుకోకుండా ముందుకి పోతే అన్యాయం.

ఇక ఆ ఇంటి మనుషుల్ని చూద్దాం. తండ్రి రామదాసు భక్తుడు, ఓర్పుగలవాడు. కష్టం మీద కష్టం వచ్చినా వేదాంతంలోనే సమాధానం వెతుక్కుంటాడు. కొడుకు సంగదాసు చౌదరయ్య దగ్గర పాలేరు. సౌమ్యుడు. యజమాని కొడుకు రామానాయుడికి ప్రాణస్నేహితుడు. ఇంకో కొడుకు వెంకటదాసుకి మాత్రం కోపం ఉంది. అతను తక్కెళ్ల జగ్గడై ఉన్నోళ్ల సొమ్ము లేనోళ్లకి పంచుతాడు. చివరికి సంగదాసు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు, వెంకటదాసు జైలుపాలవుతాడు, రామదాసు అన్నీ వదిలి వెళ్లిపోతాడు.

సంగదాసు సంగతి కొంచెం ఆగి చూడాలి. కూలోళ్ల పక్షాన నిలబడతాడు గానీ తనకోసం ఏదీ అడగడు. కోపం అసలు లేదు. అట్లాంటివాడి మీద దెబ్బ పడితే చదివేవాళ్లకి కన్నీళ్లొస్తాయి. ఆ తర్వాత మారాల్సింది ఎవరు? రామానాయుడు, రామానాయుడి లాంటివాళ్లు. అంటే మాలవాడి చావుతో కథ నడిపే పని పైకులం మిత్రుడి చేతికి పోతుంది. నవలకి 'సంగవిజయం' అనే పేరు కూడా ఉంది. ఆ విజయం సంగదాసు చచ్చాక వచ్చింది. కోపం ఇచ్చిన వెంకటదాసునేమో దొంగని చెయ్యక తప్పలేదు. ఓర్చుకునేవాడు, బలయ్యేవాడు, దోచేవాడు ఉన్నారు. నలుగురిని పోగుచేసి సభపెట్టి తీర్మానం చేసే మాలవాడికి మాత్రం ఈ కథలో చోటు దొరకలేదు.

బయట అట్లాంటోళ్లు లేరా? 1917లోనే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. 'పంచములు' అన్న పేరే మాకొద్దని ఆయన వాదించారు, ఆది ఆంధ్రులం అన్నారు. బడులు, బావులు, స్థానిక సంస్థల్లో చోటు కావాలన్నారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న తెల్లదొరతనంతో పాటు నల్లదొరతనం కూడా వద్దని రాశారు. వీళ్లకి కోపం ఉంది, తర్కం ఉంది, కావాల్సిందేదో లెక్కగా తెలుసు. గుంటూరుకీ బెజవాడకీ నడుమ ఉన్నది కృష్ణ ఒక్కటే. సంస్కరణవాద దృక్పథానికి ఆ ఏరు దాటటం కుదరలేదని మా అభిప్రాయం.

1941లో జాషువా 'గబ్బిలం' వచ్చేసరికి సంగతి మారింది. కాళిదాసు యక్షుడు భార్యకి కబురంపితే, జాషువా నాయకుడు తన ఆకలినీ అంటరానితనాన్నీ కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ మనిషికి పేరు కూడా లేదు. కానీ అతని కోరిక లేకపోతే కావ్యమే లేదు.

అమ్మకి అదీ చదివి వినిపించాం. "వీడు అడుగుతున్నాడు" అంది. గబ్బిలాన్నే ఎందుకు పంపాడో అర్థంకాలేదన్నది. అది గుళ్లోకి పోగలదు, అతన్ని రానీరు కదా అని చెప్పాం.